మామ ఫెయిల్ చేసిన హిమాలయాలు

హిమాలయాలను ఫెయిల్ చేసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన నాచారంలో ఉంటాడు. మా అమ్మకు స్వయానా తమ్ముడు, పేరు బసవరాజు. ఏదో పొరపాటున ఒకసారి చేశాడనుకునేరు, వరుసగా మూడేళ్లు ఫెయిల్ చేశాడు. నాలుగో ఏడు హిమాలయాలే భయపడి, ఒళ్లు దగ్గర పెట్టుకుని వచ్చాయని నా నమ్మకం.

మామకు ఉన్న గుణం ఒక్కటే. ముందుగా ట్రయల్ వేసి చూడకుండా ఏ పనీ చేయడు. ఒక ప్రభుత్వ కర్మాగారంలో తయారైన సరుకును తనిఖీ చేసే సెక్షన్‌లో సర్వీసంతా గడిపాడు. ప్రతి వస్తువునూ ఒకసారి నడిపి చూడటం, బాగుంటే సుద్దముక్కతో టిక్కు, బాగాలేకపోతే ఇంటూ. "ట్రయల్ లేనిది డిస్పాచ్ లేదు" అన్నది ఆయన నోట్లో ఎప్పుడూ ఆడే మాట. రిటైరైన రోజు సన్మానానికి కూడా ముందురోజు ఇంట్లో ట్రయల్ వేశాడు. అత్త శాలువా కప్పింది. నేను పై ఆఫీసరులా నిలబడి పొగిడాను. మామ కళ్లు మూసుకుని అంతా విని, "పొగుడుడు సరిపోలే. మళ్ల మొదటికెల్లి షురూ జెయ్" అన్నాడు.

రిటైరయ్యాక సుద్దముక్క జేబులోనే ఉండిపోయింది. అయిపోతే టీచరైన అత్త తన బడి నుంచి ఇంకోటి తెచ్చేది. ఉప్పల్‌లో కూరగాయలమ్మే సత్తమ్మ దగ్గర కూర్చుని సొరకాయల మీద ఇంటూలు కొడుతూ పోయేవాడు.

"ఓ సారూ, నువ్వు గట్ల గీకితే గవి ఎవలు కొంటరు?"

"ఎవలు కొనొద్దనే గీకిన."

"మరి మంచిగున్నదాని మీద టిక్కన్న పెట్టరాదు?"

మామ బుట్టంతా వెతికి, చివరికి తూకం రాయి మీద టిక్కు పెట్టాడు. సత్తమ్మ వారం రోజులు ఆ రాయిని అందరికీ చూపించి బేరాలు చేసుకుంది.

ఆయన కూతురు మనస్వినికి పెళ్లిచూపులన్నప్పుడు ముందురోజు ట్రయల్‌కు పెళ్లికొడుకు కావాల్సి వచ్చింది. అప్పటికి నేను ఇంజనీరింగ్ రెండో ఏడులో కాలేజీని వదిలేసి ఖాళీగా ఉన్నాను. (ఆ కాలేజీ ఇంకా కోలుకోలేదని విన్నాను.) ఇస్త్రీ చొక్కా తొడిగించి నన్ను సోఫాలో కూర్చోబెట్టారు.

"ఏం సదివినవ్ బాబూ?" అన్నాడు మామ, నన్ను పుట్టినప్పటి నుంచీ ఎరగనట్టు.

"ఇంజనీరింగ్ అండీ. సగం."

"మిగిలిన సగం?"

"కాలేజీ దగ్గరే ఉంది."

మామ లేచి వచ్చి, ఆప్యాయంగా వీపు తట్టి పంపించాడు. ఆ తట్టడంలోనే ఇంటూ కొట్టాడన్నది నాకు తెలియదు. ఆ సాయంత్రమంతా ఉప్పల్ నుంచి నాగోల్ దాకా తిరిగాను. మిర్చి బజ్జీల బండివాడు "అన్నా, నిన్నెవలో రిజెక్ట్ జేసిన్రు" అనేదాకా కనిపెట్టలేదు. మర్నాడు వచ్చిన అసలు పెళ్లికొడుకు మాత్రం అన్నిటికీ సరిగ్గా జవాబులు చెప్పాడు. ప్రశ్నల్లో పదునంతా నా మీదే అరిగిపోయింది మరి.

ఇక హిమాలయాల సంగతి. ఆ కోరిక మామది కాదు, ఛాయాదేవి అత్తది. అత్తది కాకినాడ వైపు. ఇక్కడి బడిలో హిందీ టీచరు. ఏటా ఒక క్లాసుకు హిమాలయాల పాఠం చెప్పేది. మంచు ఎలా ఉంటుంది, ఎలా మెరుస్తుంది అని చేతులు తిప్పుతూ వర్ణించేది. రిటైరయ్యే ముందు ఏడు ఒక పిల్ల లేచి, "టీచర్, మీరు చూసిన్రా?" అని అడిగిందట. అత్త "లేదమ్మా" అని కూర్చోబెట్టింది గానీ, ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదు.

"మనాలికి కార్ల పోయి ముట్టుకొని రావొచ్చు కదా అత్తా?" అన్నాను.

"కారు దిగి ముట్టుకుంటే అది టూరు రా సన్నీ. నడిచి వెళ్లి ముట్టుకుంటేనే చూశానని చెప్పగలను."

అత్త మాటంటే మామకు సుగ్రీవాజ్ఞ. ఎక్కడికి పోవాలో, ఎలా పోవాలో అంతా విచారించాడు. రైల్లో డెహ్రాడూన్ చేరాలి. అక్కడ జీపు ఎక్కితే పొద్దుగూకేదాకా కొండదారి, ఆ చివర సాంక్రీ అనే ఊరు. అక్కడి నుంచి నడక. పైన కేదార్‌కంఠ, దాని నిండా మంచు. విన్నదంతా మనసులో పెట్టుకుని మామ మమ్మల్ని పిలిచాడు. మేమంటే అత్త, నేను, ఆటో పోశయ్య. పోశయ్యకు ట్రెక్కింగ్ అంటే ఏమిటో తెలియదు, అత్త ఎక్కడికి పోవాలన్నా తన ఆటోలోనే పోతుంది కాబట్టి హిమాలయాలకూ తను లేకుండా ఎలా పోతుందని వచ్చాడు.

"ఇగ ఇనుండ్రి," అన్నాడు మామ. "ఉప్పల్ రింగ్ రోడ్ డెహ్రాడూన్. మెట్రో స్టేషన్ రైల్వే స్టేషన్. పోశయ్య ఆటో జీపు. మన అపార్ట్‌మెంట్ సాంక్రీ. మౌలాలి గుట్ట కేదార్‌కంఠ. రేపు ట్రయల్."

మర్నాడు మే నెల ఎండలో నలుగురం మంకీ క్యాపులు పెట్టుకుని మెట్రో స్టేషన్ మెట్లు దిగాం. పోశయ్య జీపు, అంటే ఆటో, స్టార్ట్ చేశాడు.

"సార్, ఉప్పల్‌కెల్లి నాచారం గింత దూరం. పొద్దంత ఎట్ల నడుపుత?"

"తిప్పు. నాగోల్ దాక పో. మళ్ల రా. మళ్ల పో."

"పెట్రోల్ కాదు సార్, నాకు కళ్లు తిరుగుతున్నయ్."

"తిరగాలె. కొండదారి గదా. నడుమ నడుమ వంకర్లు గూడ తిప్పు."

ఆ రోజు వేసిన చక్కర్లను తాడులా సాగదీస్తే మేం నిజంగానే డెహ్రాడూన్ చేరి, టీ తాగి, తిరిగొచ్చేవాళ్లం. మధ్యాహ్నానికి రింగ్ రోడ్డు దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపాడు. లోపలికి తొంగి చూశాడు. చెమటలు కారుతున్న నాలుగు మంకీ క్యాపులు కనపడ్డాయి.

"ఏడికెల్లి వస్తున్రు?"

"డెహ్రాడూన్ కెల్లి," అన్నాడు మామ.

కానిస్టేబుల్ చెయ్యెత్తి దారి చూపిస్తూ, "దవాఖానా గీ దిక్కే ఉన్నది. మెల్లగ పోండ్రి" అని దారి ఇచ్చాడు.

చలికి కూడా ట్రయల్ కావాలి కదా. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో చేపల మార్కెట్‌కు ఐసు గడ్డలు పంపే చిన్న ఫ్యాక్టరీ ఒకటుంది. అక్కడి వాచ్‌మన్ హన్మయ్య మామకు దోస్తు. మమ్మల్ని లోపల గడ్డల మధ్య కూర్చోబెట్టి తలుపు మూశాడు. పోశయ్య మీసం మీద మంచు పేరుకుంది. నా పళ్లు కొట్టుకున్న శబ్దానికి బయట హన్మయ్య మోటారు పాడైందనుకుని మెకానిక్‌ను పిలిపించాడు. మామ మాత్రం ఒక గడ్డను గీకి ఆ పొడిని అత్త చేతిలో పోశాడు.

"గిదే మంచనుకో."

అత్త ముట్టుకుని చూసి, చేతులు దులుపుకుంది. "ఇది మంచు కాదండీ. ఐసు."

మామ ముఖం చిన్నబోయింది. ఆ గడ్డ మీద ఇంటూ కొట్టి బయటికొచ్చాడు.

ఇవన్నీ అయ్యాక చివరి పరీక్ష మౌలాలి గుట్ట. మామ నియమం ఏమిటంటే, గుట్ట ట్రయల్ పాస్ అయితేనే టికెట్లు కొంటాం. మొదటి ఏడు తెల్లవారుతూనే బయలుదేరాం. సగం మెట్లెక్కాక ఒక మలుపుంది. అక్కడ అత్త గోడ మీద కూర్చుంది.

"అబ్బ, ఇక్కణ్నుంచి నాగారం వైపు ఎంత బాగుందో! కాసేపు చూద్దాం."

అత్తకు ప్రకృతి అంటే ప్రాణం. అందరం నాగారం వైపు చూస్తుండగా మామ సంచీ విప్పి, ఉడకబెట్టిన గుడ్లు బయటికి తీసి, గుట్ట అదిరిపోయేలా అరిచాడు.

"ఉప్పేది?"

ఉప్పు లేదు.

"ఉప్పు మర్చిపోయినోళ్లు మంచుల ఏం బతుకుతరు? రిజెక్ట్. దిగుండ్రి!"

రెండో ఏడు అదే మలుపు దగ్గర అత్త మళ్లీ నాగారం అందం చూస్తుండగా, పోశయ్య బూట్లకు ఒకటి నల్లతాడు, ఒకటి తెల్లతాడు ఉన్నట్టు మామ కనిపెట్టాడు. రిజెక్ట్. మూడో ఏడు ఆపదలో ఊదడానికి నాకిచ్చిన విజిల్ 'పీ' అందట గానీ 'పీపీ' అనలేదట. రిజెక్ట్.

"మామా, విజిల్‌కు హిమాలయాలకు ఏం సంబంధం?" అన్నాను.

"రేపు నువ్ లోయల పడితే తెలుస్తది."

"నేనెందుకు పడుత?"

"ఇంజనీరింగ్‌ల పడలేదా?"

తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ సాయంత్రం అత్త మంకీ క్యాపులన్నీ ఉతికి, ఆరేసి, కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టేది. ఆ మాటా ఈ మాటా ఆడుతూనే పెట్టేది గానీ, బీరువా తలుపు మాత్రం కొంచెం గట్టిగా పడేది. మా కాలనీలో ఆ చప్పుడు విన్నవాళ్లందరికీ మామ మీద కోపం వచ్చేది. నాకైతే మరీ వచ్చేది. ఉప్పు పొట్లం కోసం ఒక మనిషి కోరికను అలా ఆపేస్తారా?

మూడో ఫెయిల్ తర్వాత మామకు పిచ్చి ముదిరింది. ఒక తెల్లవారి మా అపార్ట్‌మెంట్ లిఫ్టు తలుపు మీద ఇంత పొడుగు ఇంటూ కనపడింది. మామా అత్తా ఉండేది అన్నిటికన్నా పై అంతస్తులో. ఎదురింటి లక్ష్మీనర్సమ్మ తగాదాకు దిగింది.

"ఓ బసవన్నా, లిఫ్ట్‌కేమైంది? మంచిగనే పోతుంది, మంచిగనే వస్తుంది!"

"సప్పుడు జేస్తుంది వదినా."

"సప్పుడు జేసేటియన్ని తీసేస్తే ముందుగల నిన్ను తీసెయ్యాలె!"

ఆమె ఆ ఇంటూను చూసుకుంటూనే లిఫ్టులో పోయేది. మిగతావాళ్లూ అంతే. మామ మాట విన్నది ఒక్క అత్తే. "ఎందుకొచ్చిన గొడవ, మీ మామ మాట నేను కూడా వినకపోతే ఎలా?" అంటూ కూరగాయల సంచీతో మెట్లెక్కేది. పక్కనే మామ, "గీ మెట్టు ఊగుతుంది. జర నిలబడు, సూస్త" అంటూ ప్రతి అంతస్తులో ఆపేవాడు. కాలనీలో కూరగాయల కొట్టును కూడా రిజెక్ట్ చేశాడు. ఇక రోజూ ఉప్పల్ దాకా నడిచి సత్తమ్మ దగ్గరే కొనాలి. పోశయ్య ఆటో ఎదురొస్తే "హారన్ బాగలేదు" అని దానికీ ఇంటూ కొట్టి పంపించేవాడు. పోశయ్య మూడుసార్లు హారన్ మార్చాడు పాపం.

మరుసటి ఏడు దసరా నాటికి మనస్విని నాగోల్‌లోని అత్తవారింటి నుంచి ఫోన్ చేసి, కడుపుతో ఉన్నానని, ఎండాకాలంలో పురుడని చెప్పింది. అత్త ఎగిరి గంతేసింది. ఆ గంతు దిగీ దిగగానే కూర్చుని లెక్కేసుకుంది. పసిబిడ్డ వస్తే ఇంక కొన్నేళ్లు కదలడం కుదరదు. ఈ డిసెంబరు దాటితే హిమాలయాలు లేనట్టే. ఆమెకై ఆమే డెహ్రాడూన్‌కు నలుగురికీ టికెట్లు తీసింది.

"టికెట్లు తీసేశానండీ. మీ ట్రయల్ మీరు వేసుకోండి," అంది.

నేను మామను పక్కకు లాగాను. "మామా, ఈసారి గిట్ల ఉప్పు, తాడు అన్నవనుకో, అత్త నీ మీదనే ఇంటూ కొడ్తది."

"ట్రయల్ లేనిది డిస్పాచ్ లేదు రా," అన్నాడు మామ. కానీ చేతిలోని సుద్దముక్కను మళ్లీ జేబులోకి తోసేశాడు. నేను పొదుపనుకున్నాను.

ఆ నాలుగో ట్రయల్‌లో జరగని ఘోరం లేదు. పోశయ్య రాత్రి ఎవరిదో బరాత్‌కు పోయి, బంతిపూల దండలు తీయకుండా అలాగే ఆటో తెచ్చాడు. మౌలాలి దాకా జనం లోపల పెళ్లికూతురు కోసం తొంగి చూశారు. గుట్ట మొదట్లోనే నా కుడి బూటు అడుగు ఊడి, మొసలి నోరు తెరిచినట్టు తెరుచుకుంది. విజిల్ ఇంట్లో మర్చిపోయాను. ఇంకో నాలుగు మెట్లెక్కేసరికి ఒక మేక వచ్చి రొట్టెల సంచీని ఎత్తుకుపోయింది. దాన్ని తరమబోయి పోశయ్య నీళ్ల సీసా జారవిడిచాడు. అది మెట్టు మెట్టుకూ మోగుతూ కిందికి పోయింది. ఇక అయిపోయిందనుకున్నాను. బీరువా తలుపు చప్పుడు నాకు అక్కడే వినపడింది.

మలుపు వచ్చింది. నేను ఆగి, నాగారం వైపు తిరిగి, అలవాటు ప్రకారం అందం చూడబోయాను. పక్కన ఎవరూ లేరు. అత్త పైకి పోతూనే ఉంది.

"అత్తా, నాగారం!" అని అరిచాను.

"ఎప్పుడూ ఉండేదేగా!" అంది, వెనక్కి తిరక్కుండానే.

మేం పైకి చేరేసరికి ఆమె గుట్ట మీది దర్గా ముందు కొంగు తలమీద కప్పుకుని, చేతులు జోడించి, తీరిగ్గా నిలబడి ఉంది. మామ అందరికన్నా వెనక రొప్పుతూ వచ్చాడు. ఆమె వైపు ఒకసారి చూశాడు. అంతే.

"పాస్," అన్నాడు.

"సార్, రొట్టెలు మేక తిన్నది," అన్నాడు పోశయ్య, నిజాయితీగా.

"తిననీ."

"మామా, నా బూటు..."

"మంచిగుంది. గాలి ఆడ్తది."

"విజిల్..."

"నీ నోరు లేదా?"

ఇంటికొచ్చాక మామ భుజం మీది తువ్వాలుతో లిఫ్టు తలుపు మీది ఇంటూను తుడవడం లక్ష్మీనర్సమ్మ చూసింది. "ఏం, సప్పుడు బందైందా?" అంది. "బందైంది వదినా," అన్నాడు మామ. లిఫ్టు ఎప్పటిలాగే కిర్రుమంటూ పైకి పోయింది.

డెహ్రాడూన్ స్టేషన్ బయట మామ బిక్కమొహం వేశాడు.

"ఉప్పల్ లెక్క లేదేంది రా?"

"మామా, ఉప్పలే డెహ్రాడూన్ లెక్క లేకుండే."

"మరి మెట్రో పిల్లర్లేవి?"

ట్రయల్‌లో జీపు ఎడమ చేతివైపు దొరికింది కాబట్టి మా అందరినీ ఎడమకే నడిపించాడు. నేరుగా పోయి ఒక పెళ్లి పందిట్లో తేలాం. వాళ్లు మమ్మల్ని మగపెళ్లివారి వైపు అనుకున్నారు, ఆడపెళ్లివారిని మేమే ఓదార్చి, జిలేబీ తిని వచ్చాం. జీపు స్టాండు కుడివైపుంది. కొండదారిలో మిగతా జీపుల్లో జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి వాంతులు చేసుకుంటుంటే మా నలుగురికీ మాత్రం నిద్ర పట్టింది. పోశయ్య నిద్రలో "నాగోల్, నాగోల్" అని కలవరించాడు.

మంచు మొదలయ్యే ముందు ఆఖరి చడావు, నిట్టనిలువు ఎక్కుడు. అత్త ముందు, గైడు జీవన్ ఆమె పక్కన, వెనక ఏ ఊళ్ల నుంచో వచ్చిన బృందమంతా. సగంలో మామ ఒక దుంగ మీద కూర్చున్నాడు.

"అబ్బ, గీ దిక్కు సీన్ మస్తున్నది. జరసేపు సూద్దాం."

ఆ దిక్కున పొగమంచు తప్ప ఏమీ లేదు. జీవన్ వాచీ చూసుకున్నాడు. ఎక్కలేనివాళ్లు కింద గుడారాల దగ్గరికి పోవాలని హిందీలో చెప్పబోయాడు. అప్పుడు అత్త గిర్రున తిరిగి, కొండలు మారుమోగేలా అరిచింది.

"ఆగండి! ఉప్పు మర్చిపోయాం!"

బృందమంతా ఆగింది. పైన ఏం వండేది లేదని జీవన్ అన్నాడు. ఉప్పు లేకుండా ఒక్క అడుగు కూడా వేయనని, అందరి సంచులూ వెతకమని అత్త స్వచ్ఛమైన హిందీలో చెప్పింది. టీచరు గొంతు విని బృందంలోని బెంగళూరు ఇంజనీర్లు కూడా బుద్ధిగా సంచులు విప్పారు. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఉప్పు పొట్లం ఆమె చేతి తొడుగులోనే కనపడుతోంది.

అప్పుడు నా బుర్రలో మౌలాలి గుట్ట మలుపు, నాగారం అందం, లిఫ్టు మీది ఇంటూ, పోశయ్య హారన్, అన్నీ ఒకదాని వెనక ఒకటి వరుసలో నిలబడ్డాయి. ఆయాసపడింది ఎవరో, ఫెయిల్ అయింది ఎవరో, ఎవరి తప్పు ఉప్పు మీదికి పోయిందో.

"అత్తా, నీకెప్పటికెల్లి తెలుసు?" అన్నాను మెల్లగా.

"మొదటి ఏడే చూశాన్రా. ఉప్పు పొట్లం ఆయన చొక్కా జేబులోనే ఉంది."

"మరి చెప్పలేదేంది?"

"చెబితే నాకు ఆయాసం వచ్చిందని ఒప్పుకోవాలి కదా!"

మామ లేచి, ప్యాంటు దులుపుకున్నాడు. "దొరికింది, దొరికింది," అంది అత్త. అందరం కదిలాం.

పైన అత్త తొడుగు తీసేసి, వంగి, రెండు చేతులా తీసుకుంది. అరచేతుల్లో అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత మామ వైపు చూసి, "ఇది మంచేనండీ," అంది.

మామ జేబులోంచి సుద్దముక్క తీసి, ఆ మంచు మీద పెద్ద టిక్కు పెట్టాడు. తెల్లదాని మీద తెల్లది, ఏం కనపడలేదు.

"పెట్టిన. గంతే," అన్నాడు.

ఇదంతా రాసి, మొన్న మామకు చదివి వినిపించాను. మొదటి నుంచి చివరిదాకా కదలకుండా విన్నాడు. తర్వాత కాగితాలు తీసుకుని, అడ్డంగా ఇంటూ కొట్టి తిరిగిచ్చాడు.

"రిజెక్ట్. హిమాలయాల్ని నేను ఫెయిల్ జెయ్యలే, అవి ట్రయల్‌కే రాలే. ఇగ ఆ మొదటి యేడు ఉప్పు నిజంగనే మర్చిపోయినం."